మేనమామగారి మెసేజీకి టీకా తాత్పర్యం

మూలం
తమ్ముడూ! తాళి కట్టే క్లిప్పు కొంచెం తిప్పి, పెంచి, పక్కకు జరుపు.

అవతారిక
పెళ్ళికూతురి మేనమామగారు అర్ధరాత్రి ఎడిటింగ్ కుర్రాడికి వాట్సాప్‌లో అనుగ్రహించిన వాక్యమిది. కెమెరామెన్ల వీపుల వెనక నిలబడి, ఎవరో చేయి పైకెత్తి ఫోన్లో తీసిన క్లిప్పు ఇందులో వస్తువు. చేయి ఒరిగింది, దానితోపాటు మంటపం స్తంభమూ కుడికి ఒరిగింది.

ప్రతిపదార్థం
తమ్ముడూ = ఓ ఎడిటరూ (బాకీ ఇంకా తీరలేదని ధ్వని); తాళి కట్టే క్లిప్పు = మళ్ళీ తీయుటకు వీలులేని దృశ్యమును; కొంచెం = స్తంభము నిట్టనిలువగునంత; తిప్పి = రొటేషన్ అంకె మార్చి; పెంచి = స్కేలు హెచ్చించి; పక్కకు = ఎక్స్ దిశగా; జరుపు = పొజిషన్ మార్చుము.

తాత్పర్యం
ఓ ఎడిటరూ! స్తంభము నిలువగునట్లు తిప్పి, తిప్పుటచే పుట్టిన నలుపు పోవునట్లు పెంచి, పెంచుటచే బయటికి పోయిన మా మనుషులు లోపలికి వచ్చునట్లు జరుపుము. రేపు పొద్దున్నకల్లా కావాలని భావం.

వ్యాఖ్య
"తిప్పి" అన్నాడే గాని దేని చుట్టూ అన్నది చెప్పలేదు. "యాంకర్ పాయింట్ చుట్టూ" అని అధ్యాహారం చేసుకోవాలి. అది మామూలుగా క్లిప్పు నడిమధ్యన ఉంటుంది. ఎవరైనా దాన్ని మూలకు లాగి వదిలేశారా, తిప్పేకొద్దీ వధూవరులు పీటలతో సహా పక్కకు ఊగిపోతారు.

ఒరుగు 3 డిగ్రీలనుకుందాం. ప్రీమియర్‌లో మైనస్ 3 అని కొట్టగానే స్తంభం నిలబడుతుంది, అంచుల్లో నల్లటి ముక్కోణాలు పుడతాయి. 1920×1080 ఫ్రేములో అవి పోవాలంటే స్కేలు 109 దాటాలి. 110 పెట్టుకుంటే సుఖం. మూలకారుని ప్రజ్ఞ ఇక్కడే ఉంది. క్త్వార్థకాలు రెండూ ముందు వేసి, "జరుపు" అన్న సమాపకక్రియను చివరికి నెట్టాడు. పెంచకముందే జరిపితే ఒక్క పిక్సెల్‌కే అంచున నలుపు బయటపడుతుంది. 110కి పెంచాక అటో ఇటో 60 పిక్సెళ్ళ దాకా చోటు దొరుకుతుంది. పెంచినప్పుడు తెగిపోయిన మేనమామగారి భార్య ముఖం తిరిగి వచ్చేది ఆ చోటులోంచే. అసలు మెసేజీ పుట్టిందే అందుకని మా అనుమానం.

విశేషాలు
"పైకి" అనక "పక్కకు" అనడం లౌక్యం. ప్రీమియర్ మతంలో 1920×1080 ఫ్రేము కేంద్రం 960, 540. వై అంకె పెరిగితే బొమ్మ కిందికి దిగుతుంది. డావిన్చి రిజాల్వ్ మతంలో కేంద్రం 0, 0. వై పెరిగితే బొమ్మ పైకి లేస్తుంది. ఎక్స్ దగ్గర ఇరుపక్షాలకూ పేచీ లేదు.

క్లిప్పు 4కె అయితే ప్రీమియర్ వారిలోనే ఇంటిపోరు. "సెట్ టు ఫ్రేమ్ సైజ్" పిక్సెళ్ళన్నీ అట్టే ఉంచి, స్కేలు 50 అని చూపిస్తుంది. 55కి పెంచినా మసక రాదు. "స్కేల్ టు ఫ్రేమ్ సైజ్" క్లిప్పును ముందే కుదించేసి, ఏమీ ఎరగనట్టు 100 అంటుంది. అక్కణ్ణుంచి పెంచితే వచ్చేది మసకే. మేము మొదటి పక్షం.

పాఠాంతరం
పెళ్ళికూతురి పెదనాన్నగారి ఫోన్లో "పెంచి"కి బదులు "సాగదీసి" అని ఉంది. యూనిఫామ్ స్కేల్ టిక్కు తీసేసి, వెడల్పొక్కటే పెంచమని ఆయన ఉద్దేశం. అలా చేస్తే పైనా కిందా నలుపు ఉన్నచోటే ఉంటుంది, పెళ్ళికొడుకు మాత్రం లావవుతాడు. కాబట్టి అగ్రాహ్యం.