యూఎస్ ప్యాకింగ్ మహిమ

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర జావా నేర్పేవాళ్లూ, పంజాగుట్ట దాకా ఫారిన్ చదువుల కన్సల్టెన్సీలూ, మధ్యమధ్యలో పచ్చళ్ల కొట్లూ. కోచింగ్ వాళ్లు ఉద్యోగం గ్యారంటీ అనడానికి ఈమధ్య కాస్త మొహమాటపడుతున్నారు గానీ, పచ్చళ్లాయనకు ఆ బెరుకు లేదు. "యూఎస్ ప్యాకింగ్ సార్, చుక్క కారదు."

ఏమిటా ప్యాకింగ్ అంటే, కూకట్‌పల్లికి పట్టుకెళ్లే కవరే మరో రెండు కవర్లలో దూరి, మిషన్ కింద ఓసారి ఊపిరి బిగబట్టి బయటికొస్తుంది. ఛార్జీ వేరే. ఆ మిషన్ గాలితో పాటు నూనెనూ కవరు మూతి దాకా లాగుతుంది. నూనె అంటినచోట ప్లాస్టిక్ సరిగా అతుక్కోదు. ఎగిరే విమానం లోపల గాలి పీడనం 8,000 అడుగుల కొండ మీది స్థాయికి పడిపోవచ్చు. కవర్లో మిగిలిన గాలి అక్కడ పావు వంతు దాకా ఉబ్బుతుంది. ఆవకాయకు దారి దొరుకుతుంది. ఎటంటారా? వీసా ఇంటర్వ్యూకని కొన్న తెల్లచొక్కా వైపు.

"పోనీ, చేతిసంచిలో పెట్టుకోవచ్చా?" అంటే, "ప్యాక్ చేశాం కదండీ!" అంటాడు. 2006 ఆగస్టులో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు కూల్చే కుట్ర బ్రిటన్‌లో బయటపడింది. ఆ తర్వాతే చేతిసంచిలోని ద్రవాలకు 100 మిల్లీలీటర్ల గీత వచ్చింది. అమెరికా భద్రతాధికారులకు పీనట్ బటర్ కూడా ద్రవమే. పూయడానికి వీలైనదల్లా ద్రవమైతే, గోంగూర తరఫున ఏ ప్లీడరు నిలబడతాడు? కందిపొడి నవ్వక్కర్లేదు. 2018 నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో, చేతిసంచిలోని పొడి 350 మిల్లీలీటర్లు దాటితే దానికీ విడిగా తనిఖీ ఉంది.

చికెన్ పచ్చడి దగ్గరికొస్తే ఆయన ధైర్యం ఆకాశాన్నంటుతుంది. "నాలుగు కవర్లు వేస్తాం, వాసనే రాదు." మన దేశం నుంచి తెచ్చిన మాంసాన్ని అమెరికాలో లాక్కునేది కవరు పలచనైందని కాదు, పశువుల రోగాల భయంతో. అక్కడి ఎయిర్‌పోర్టుల్లో సంచులు వాసన చూసే బీగిల్ కుక్కలకు మన కొట్టు బోర్డు చదవడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెబితే పోయేది పచ్చడే, దాస్తే జరిమానా కూడా. ఆయన సలహా మాత్రం "అడిగితే వెజిటబుల్ పికిల్ అనేయండి."

అంత నమ్మకముంటే హామీ రాసివ్వమని అడిగి చూడండి. బిల్లు తిప్పి, అడుగున సన్నగా అచ్చేసిన ముక్క చూపిస్తాడు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.