మ్యాచింగ్ బొమ్మ

చీర పట్టుకుని మ్యాచింగ్ సెంటరుకి వెళ్లి జాకెట్టు గుడ్డ వెతకడం మనకు కొత్త కాదు. సోఫా గుడ్డముక్క హ్యాండ్‌బ్యాగులో వేసుకుని గోడకు బొమ్మ కొనడానికి వెళ్లడం మాత్రం నేను మొన్న హైదరాబాదు శిల్పారామంలోనే చూశాను. బ్యాగు మా ఆవిడది.

సోఫా బూడిద రంగు. కొత్తగా రంగు వేయించిన గోడ కూడా అదే రంగని నేనంటాను. కాదట, షేడ్ కార్డులో దానికి వేరే పేరుందట. ఆ కార్డులో తెలుపే పదకొండు రకాలుంటే నాకు ఒక్కటే కనిపించింది. పెళ్లిచూపుల్లోనే నా కళ్లు పరీక్ష చేయించాల్సిందని మా ఆవిడ ఇప్పుడు బాధపడుతోంది.

చేర్యాల బొమ్మల దగ్గర ఇద్దరం ఆగిపోయాం. వెనకంతా భగ్గుమనే ఎరుపు. దాని మీద నీలం కృష్ణుడు, పసుపు ఒళ్లు ఆడవాళ్లు, చెట్టెక్కుతున్న గీత కార్మికుడు. మా ఆవిడ గుడ్డముక్క తీసి కృష్ణుడి చెంపకు ఆనించి, కళ్లు చికిలించి చూసింది.

“ఇదే బొమ్మ, వెనకాల ఈ రంగులో ఉందా అండీ?”

చిత్రకారుడు గుడ్డముక్కను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. “ఎరుపు తీసేస్తే ఇగ చేర్యాల బొమ్మ యాడుంటదమ్మా? గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల గుజ్జు పూసి ఆరబెడ్తం. మా తాతలైతే ఇంగిలీకం నూరి ఎరుపు ఏసేటోళ్లు.”

ఇలాంటి బొమ్మలే గీసిన మూరల కొద్దీ పటం ఊరి నడుమ విప్పి కులపురాణాలు చెప్పిన రోజుల్లో, చివరి వరసలో చుట్ట కాల్చుకునే తాతకు కూడా ఈ ఎరుపు కనబడే ఉంటుంది. మీ ఇంట్లో సోఫా ఏ రంగని ఏ కథకుడూ అడిగి ఉండడు.

పద్దెనిమిది వందలిచ్చి తెచ్చాం. మేకు కొట్టి తగిలించగానే గోడకు రక్తం తక్కువైనట్టు కనిపించింది. మర్నాడు ఎర్ర కుషన్లు వచ్చాయి. కుషన్లకు కర్టెన్లు నప్పలేదు, కర్టెన్లకు కార్పెట్ నప్పలేదు. పద్దెనిమిది వందల బొమ్మకు ఇప్పటికి ఇరవై రెండు వేల మ్యాచింగ్ అయింది. ఇక గోడ ఒక్కటే మిగిలిందనుకుంటుండగా మా మామగారు ఫోన్ చేశారు.

“ఎరుపు అగ్నితత్వం అల్లుడూ. ఆగ్నేయంలో ఉంటేనే మంచిది.”

మా ఇంట్లో ఆగ్నేయమంటే వంటగది. కృష్ణుడు ఇప్పుడు మిక్సీ పైన ఉన్నాడు. పోపు వేసినప్పుడల్లా మా ఆవిడ ఆయన మీద తువ్వాలు కప్పుతోంది.

హాల్లో మేకు ఖాళీగా ఉంటే బాగోదని కిరాణా కొట్టువాడు ఊరికే ఇచ్చిన క్యాలెండర్ తగిలించాం. వేంకటేశ్వరస్వామి చుట్టూ చిలకపచ్చ అంచు, గులాబి రంగు తిథులు, కింద పల్లీనూనె ప్రకటన. బ్యాగులోంచి గుడ్డముక్క ఎవరూ తీయలేదు.