ఏ పాత జిల్లా?

కొడంగల్ ఉన్నచోటే ఉంది, జిల్లాలే మారాయి. 1956 దాకా గుల్బర్గా, ఆపై అరవై ఏళ్లు మహబూబ్‌నగర్, 2016 దసరా నుంచి వికారాబాద్. కాబట్టి రైతు తన భూమి పాత రికార్డు, సేత్వార్ నకలు అడిగితే, ‘అది పాత జిల్లాలో ఉంటది’ అని చెప్పడం చాలా సులువు. ఏ పాత జిల్లా అని మాత్రం అడగొద్దు!

అదృష్టం బాగుండి గుడ్డమూట దొరికిందే అనుకోండి, లోపల ఉర్దూ. చదివిపెట్టే గుమాస్తా ఎప్పుడో రిటైరయ్యాడు. ఆ కాగితాల మీద భాషాభేదం లేకుండా పనిచేసేది చెదపురుగొక్కటే.

రికార్డులను వరుసలో పెట్టి, సూచిక రాసి ఉంచాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లోనే చెప్పింది. సమాచారం ఇవ్వక్కర్లేని సందర్భాలు 8వ సెక్షన్‌లో బోలెడు. ‘ఫైలు కనబడుటలేదు’ మాత్రం అందులో లేదు. ఆఫీసుల్లో ఎక్కువగా చెల్లుబాటయ్యేది అదే మరి!

భూరికార్డులకు 2020లో ధరణి, 2025లో భూభారతి పోర్టళ్లు వచ్చాయి. తెరమీద తప్పు దిద్దాలంటే పాత కాగితం కావాలి. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కదా, ఇట్టే వెతికిస్తారన్న ధీమాతో కౌంటర్ దగ్గరికెళ్లిన రైతుకు ఎదురయ్యే మొదటి ప్రశ్న:

‘‘నీ దగ్గర జిరాక్స్ ఉందా పెద్దాయనా?’’