ఓటేసి ఇంటికి పోతే సరిపోద్దా?

ఎన్నికల ఏడాది వచ్చిందంటే నెల్లూరులో చెవులు చిల్లులు పడతాయి. డీజే బండ్లు, డ్రోన్లు, జేసీబీల మీదనుంచి పూలు. ట్రంకురోడ్డులో ప్రచార రథం ఆగుద్ది, పైనున్న నాయకుడు చెయ్యి ఊపుతాడు, బండి కదిలి పోద్ది. కింద నిలబడినోడికి నోరు తెరిచే సందే లేదు.

మా రోజుల్లో నాయకుడు జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడేవాడు. చీటీ మీద ప్రశ్న రాసి వేదిక మీదికి పంపితే చదివి జవాబు చెప్పేవాడు. చెప్పలేకపోతే మర్నాడు ఊరంతా అదే మాట. మన జిల్లా అలగానిపాడులో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిలు మీద పోయిన మనిషి. ఇప్పుడు మన ఎమ్మెల్యే కారు అద్దం దించితే అదే మహాభాగ్యం.

1930లో నెల్లూరులోనే పుట్టిన ‘జమీన్ రైతు’ వారపత్రిక ఊరికి ఒక్క కాపీ వస్తే చాలు. చదువొచ్చినోడు అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు, చుట్టూ చేరినోళ్లు వినేవాళ్లు. కాంగ్రెసాయన, కమ్యూనిస్టాయన పక్కపక్కనే కూర్చుని గొంతు పోయేదాకా వాదించుకుని, చీకటి పడితే ఒకే దోవన ఇంటికి పోయేవాళ్లు. ఇప్పుడు ఎవడి ఫోను వాడిది, ఎవడి వాట్సాప్ గుంపు వాడిది. వచ్చింది నిజమా అని చూసుకోకుండా ఇంకో పదిమందికి తోసేస్తున్నారు. అదేందబ్బయ్యా అంటే తాతకేం తెలుసంటారు.

మా రోజులన్నీ బంగారమని నేననను. పెత్తందారు చెప్పిన గుర్తుకే వాడ మొత్తం ఓటేసిన ఊళ్లున్నాయి. మొగుడు చెప్పిన గుర్తే పెళ్లానిదీ. ఆ కట్టు తెంచింది కూడా మన జిల్లా ఆడోళ్లే. అక్షరదీపం కార్యక్రమంలో రాత్రిబడికి పోయి, వాచకంలో సీతమ్మ కథ చదివారు దూబగుంట ఆడోళ్లు. చదివి ఊరుకోలేదు. మా ఊళ్లో సారా అంగడి ఎందుకుండాలని అడిగారు, మూయించారు. 1992లో ఆ మాట జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలే సాగకుండా చేసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బందయింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధమే పెద్ద వాగ్దానమై, 1995 జనవరిలో అమలుకొచ్చింది. అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడోళ్లు ఒక రాష్ట్రం చేత చట్టం చేయించారు. 1997కల్లా ఆ నిషేధాన్ని సడలించారు. సాధించుకున్నదాన్ని రోజూ కాచుకోకపోతే చేజారి పోద్ది, అంతే.

ఓటెయ్యడంలో మనకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. 2024 మే 13న మన రాష్ట్రంలో 80 శాతానికి పైగా ఓటేశారు. ఎండలో గంటలకొద్దీ నిలబడ్డారు. నా బాధల్లా ఆ క్యూకు ముందు, ఆ క్యూకు తర్వాత ఏం చేశామని. ముందు డబ్బు కవరు రాలేదని అలిగిన ఇళ్లను చూశా. తర్వాత అయిదేళ్లు నోరు మెదపని ఊళ్లనూ చూశా. డబ్బు పుచ్చుకున్నాక అడిగే నోరు ఎక్కడినుంచి వస్తది?

మాకు 21 నిండితేగాని ఓటు లేదు. మీకు 1989 నుంచి 18కే ఇచ్చారు. అభ్యర్థి ఆస్తి, అప్పు, చదువు, కేసులు తెలుసుకునే దారి మాకు లేదు. 2002లో సుప్రీంకోర్టు చెప్పాక అవన్నీ అఫిడవిట్‌లో రాసివ్వాల్సిందే. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో మీ చేతిలోని ఫోనులోనే కనిపిస్తది. సినిమా ట్రైలరుకిచ్చే టైములో సగం చాలు, చదవండి.

అడగడానికి మనకు ప్రశ్నలు కరువా? సోమశిల డ్యాం నీళ్లు చివరి ఆయకట్టుకు ఎప్పుడొస్తాయి? తీరంలో రొయ్యల గుంటల మీద 1996లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది కదా, మా మంచినీళ్ల బావి ఎందుకు ఉప్పెక్కింది? పంచాయతీకి వచ్చిన నిధులు ఏ పనికి పోయినయి? ఈ చివరిదాన్ని గ్రామసభలో అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. ఆ సభకు పట్టుమని పదిమంది పోరు, సంతకాలు మాత్రం పుస్తకం నిండా ఉంటాయి.

కాబట్టి ఈసారి గడపలోకొచ్చిన ప్రతి అభ్యర్థిని, ఏ జెండా అయినా సరే, నిలబెట్టి అడగండి. కవరు చాస్తే తీసుకోకండి. ఇంట్లో ఆడోళ్లనీ, కొత్తగా ఓటొచ్చిన పిల్లల్నీ ముందు మాట్లాడనివ్వండి. చెప్పిన జవాబు తేదీ వేసి రాసిపెట్టుకోండి. గెలిచినోడి దగ్గరికి ఆరో నెలలో ఆ కాగితం పట్టుకుని పదిమందీ కలిసి పోయి మళ్లీ అడగండి. ఓటేసినోడికి ఆ పని కూడా ఉంది.