కడెం కుస్తీ చూసి చెడిన మొగుడు

కుస్తీ పట్టేవాడికన్నా చూసేవాడికే ధైర్యం ఎక్కువ. మా నారాయణఖేడ్ వైపు జాతరల కాలం వస్తే కుస్తీలు కూడా వస్తాయి. కొబ్బరికాయ కుస్తీతో పిల్లలు మొదలుపెడితే, పొద్దుగూకేసరికి పెద్ద పహిల్వాన్లు వెండి కడెం కోసం బరిలోకి దిగుతారు. సరిహద్దు పక్కనే కాబట్టి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా వస్తారు. నేను గట్టు మీద కూర్చుని పుట్నాలు నములుతూ "అరె, కాలు పట్టు, కాలు!" అని ఏళ్ల తరబడి వాళ్లకు శిక్షణ ఇచ్చినవాణ్ణి. నలభై దాటి, షుగరు మా వాకిట్లో చెప్పులు విడుస్తున్న వేళ, ఆ శిక్షణేదో నాకే ఇచ్చుకుందామనిపించింది.

ఇంటికొచ్చి బైఠక్‌లు మొదలుపెట్టాను. వంటింట్లో జొన్నరొట్టె చరుస్తున్న మా ఆవిడ చెయ్యి ఆపి చూసింది.

"ఎన్ని తీస్తవేంది?"

"పహిల్వాన్లు వందలకు వందలు తీస్తరు."

"వాళ్లు పోరలప్పటి సంది తీస్తున్నరు. నువ్వు పోయిన దసరాకు బీరువా జరిపినవ్, గంతే."

మరునాడు బాగానే ఉంది. ఆవిడ ముందు కాస్త బోర విరుచుకుని కూడా తిరిగాను. ఆ తర్వాతి రోజు తెల్లవారుజామున, మరుగుదొడ్లో కూర్చున్నాక మళ్లీ లేవాలి కదా అన్న సంగతి గుర్తొచ్చింది. గోడ పట్టుకున్నాను, దేవుణ్ణి పట్టుకున్నాను, చివరికి నల్లా పట్టుకున్నాను. నల్లా ఊడొచ్చింది. అలవాటు లేని కసరత్తు చేస్తే కండరాల్లో సన్నటి చిరుగులు పడతాయి. ఆ నొప్పి ఒకటి రెండు రోజులు ఆగి ముదిరి, తర్వాత దానంతటదే తగ్గుతుంది. నల్లా మాత్రం దానంతటదే బాగుకాదు.

పహిల్వాన్ల దారి మనకు అచ్చిరాదని షటిల్ వైపు మళ్లాను. పుల్లెల గోపీచంద్ 1994లో డబుల్స్ ఆడుతూ మోకాలు చెడగొట్టుకుని, 2001లో ఆల్ ఇంగ్లాండ్ గెలిచాడు. ఈ కథలోంచి నేను ఏరుకున్నది మోకాలు పోయినా గెలవొచ్చనే ముక్క ఒక్కటే. మధ్యలో ఉన్న ఏడేళ్ల సాధనను బస్సులో నిద్రపోయినవాడిలా దాటేశాను.

మైదానంలో పోరలు చుట్టూ మెల్లగా పరుగెత్తి, భుజాలు, చీలమండలు తిప్పుకుంటూ ఒళ్లు వేడెక్కించుకుంటుంటే, నేను వేపచెట్టు కింద నిలబడి బలం దాచుకున్నాను. కాళ్లకు మెత్తటి ఎత్తు అడుగున్న పరుగు బూట్లు. అవి ముందుకు పోవడానికి చేసినవి. షటిల్లో పక్కలకు దూకాలి. నెట్ దగ్గర కాక్ టపుక్కున రాలింది. నేను ఎడమకు దూకాను, బూటు కూడా దూకింది, చీలమండ మాత్రం ఇద్దరి మాటా వినకుండా లోపలికి మడతపడింది.

నన్ను మోసుకొచ్చేసరికి పక్కింటి పెద్దమ్మ ఆవనూనె వేడిచేసుకుని సిద్ధం. "గట్టిగ రుద్దితే దిగుతది బిడ్డా" అంటూ వస్తుంటే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. "ఇయ్యాల రుద్దుడు లేదు, కాపుడు లేదు పెద్దమ్మా. వాపు ఎక్కువైతది." మా ఆవిడ తమ్ముడు కబడ్డీ ఆడేవాడు, మడతపడ్డ కాళ్లు ఆ ఇంట్లో కొత్త కాదు. ఐసు ముక్కలు తువ్వాలలో చుట్టి కాసేపు పెట్టింది, పట్టీ చుట్టింది, కాలు రెండు దిండ్ల మీదికి ఎత్తించింది. తర్వాత, "నాలుగడుగులు వెయ్యి చూస్త. వెయ్యకుంటే ఎక్స్‌రేకే" అంది. సానుభూతి కోసం మూడు దగ్గర ఆగుదామనుకున్నాను గానీ, ఎక్స్‌రే ఖర్చు గుర్తొచ్చి నాలుగో అడుగు కూడా పడింది.

వాపు దిగాక డాక్టరు దగ్గర కూర్చున్నాం. ఆయన ముందు షుగరు, బీపీ చూసి, నెమ్మదిగా మొదలుపెట్టమన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకు నడకలాంటి శ్రమ, దానికితోడు రెండు రోజులు కండరాలకు పని. అదీ ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి వైద్యుడి దగ్గరికి రమ్మన్నాడు. వేగం సరిపోయిందో లేదో తెలియడానికి గుర్తు కూడా చెప్పాడు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ఆ గుర్తు మా ఆవిడ చెవిన పడకుండా ఉండాల్సింది. ఇప్పుడు నా వెంటే నడుస్తోంది. చిట్టీ డబ్బులు ఎప్పుడొస్తాయి, బంగారం విడిపించేది ఎప్పుడు, దోస్తుకిచ్చిన పదివేల బదులు ఏమైంది అని అడుగుతుంది. జవాబు రాకపోతే నడక ఎక్కువైనట్టు, వస్తే అబద్ధం చెప్పినట్టు. దాంతో నేను రొప్పడం నేర్చుకున్నాను. చిట్టీ పేరెత్తగానే చెయ్యి గుండె మీద పెట్టుకోబోయాను గానీ, అది ఆసుపత్రి దాకా పోతుందని మానుకుని, ఉత్త రొప్పుతో సరిపెట్టేవాణ్ణి.

మొన్న ఆమె ఏమీ అడగలేదు. పొద్దున గాలి చల్లగా ఉంది, కాలు నొప్పి లేదు, నాకు తెలియకుండానే పాత పాట ఒకటి తీశాను. చరణం దాకా వచ్చాను.

"పాట వస్తున్నది కదా, జర జోరు పెంచు" అంది. "పెంచుకుంటనే చెప్పు. ఆ పదివేలు ఏ దోస్తుకిచ్చినవ్?"