ఇంకేమైనా సహాయం కావాలా?

ఆమె ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మెస్సులో వంటమనిషి. పదో తరగతి పాసై ఆరేళ్ల చదువుకు వచ్చిన పల్లె పిల్లలకు వండి వడ్డిస్తుంది. 2008లో మొదలైన ఆ కాలేజీలో తన కొడుక్కి సీటు రాలేదు. వేంపల్లెలో డిగ్రీ చదివి, హైదరాబాదులో ఒక టీవీ కనెక్షన్ల కంపెనీ కాల్ సెంటర్‌లో చేరాడు.

షిఫ్టుకు వంద దాకా కాల్స్. ఒకటి పెట్టీ పెట్టకముందే చెవిలో బీప్, ఇంకొకటి. అవతలివాడు అమ్మనెత్తి తిట్టినా గొంతు మెత్తగానే ఉండాలి. మంచినీళ్లకు లేచినా సిస్టంలో బ్రేక్ నొక్కి లేవాలి. ఏడాది తిరిగేసరికి రూములో ఫోన్ మోగితే గుండె దడదడలాడేది. అమ్మ ఫోన్ కూడా ఎత్తడం మానేశాడు.

ఇది బద్ధకం కాదు, పొగరూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను ఉద్యోగ ఒత్తిడి తెచ్చిపెట్టే స్థితిగా గుర్తించి మూడు లక్షణాలు చెప్పింది: సత్తువంతా అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా చేసినట్టనిపించకపోవడం. మూడూ ఉన్నాయి ఆ పిల్లాడికి. టీం లీడర్‌తో చెప్పుకుంటే, ముందు స్కోరు పెంచుకోమన్నాడు.

తల్లి చూసి చూసి, ఒక రాత్రి మెస్సు పని కాగానే ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కే ఫోన్ కొట్టింది. ఎవరో అమ్మాయి ఎత్తింది. పెట్టేసి మళ్లీ కొట్టింది. అట్లా రోజూ కొట్టింది. చివరికి ఒకనాడు తగిలాడు.

"నమస్కారం. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"నాయనా, నేనురా, అమ్మను. అన్నం తిన్యావా?"

గొంతు గుర్తుపట్టాడు. కాల్ రికార్డవుతోందని కూడా తెలుసు.

"మీ కనెక్షన్‌లో ఏమైనా సమస్య ఉందా మేడం?"

"టీవీకేం నాయనా, బాగుంది. నువ్వెట్లుండావు?"

"సంతోషం మేడం. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఏం వద్దులే నాయనా."

"కాల్ చేసినందుకు ధన్యవాదాలు. శుభరాత్రి."

వారం తర్వాత క్వాలిటీ వాళ్లు ఆ రికార్డింగ్ విన్నారు. కాల్ సాగదీయలేదు, సొంత మాట ఒక్కటీ దొర్లలేదు. ఉద్యోగంలో చేరాక అతనికి వందకు వంద మార్కులు పడిన కాల్ అదొక్కటే.