ఫోన్ లాక్ మర్చిపోయారా? ఇలా కానివ్వండి

పిన్ మర్చిపోవడం ఎవరికైనా జరిగేదే. మర్చిపోయానని ఇంట్లో ఒప్పుకున్నారో, ఇక జన్మంతా దెప్పుళ్లే. కాబట్టి పరువు ముందు, ఫోన్ తర్వాత. కింది పద్ధతిలో వెళ్లండి, ఫోన్ తప్పకుండా తెరుచుకుంటుంది. కొన్నరోజు ఎలా ఉందో అంత శుభ్రంగా, అంత ఖాళీగా మీ చేతికొస్తుంది.

1. ముందు పిల్లాడిని తిట్టండి. "నా ఫోన్ ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా? గేమ్ పిచ్చిలో ఏం నొక్కావో చూడు!" అని వాడు అన్నం తింటున్నప్పుడే అందుకోండి. ఇందులో ఒక కిటుకుంది. మీ ప్యాటర్న్ మీకంటే వాడికే బాగా తెలుసు. రోజూ మీ భుజం మీంచి చూసి, మీరు స్నానానికి వెళ్లగానే తెరిచేది వాడే. వాడు గనక "నాన్నా, కింద నుంచి పైకి, అక్కణ్నుంచి అడ్డంగా..." అంటూ పప్పన్నం వేలిని గాల్లో తిప్పడం మొదలుపెడితే, "నాకే నేర్పేంత మొనగాడివయ్యావా?" అని గదమాయించండి. వాడు మళ్లీ నోరెత్తడు. గండం గడిచింది.

2. వేలిముద్ర ఇంకా పనిచేస్తోందా? వెంటనే మాన్పించండి. వేలు పెడితే తెరుచుకునే ఫోన్ చేతిలో ఉంటే కంగారు మనుషులు గబగబా ఫొటోలు, నంబర్లు గూగుల్‌లోకి బ్యాకప్ తీసేసుకుంటారు. మీకెందుకా శ్రమ? ఊరికే వచ్చిన 15 జీబీ ఎప్పుడో గుడ్ మార్నింగ్ బొమ్మలతో నిండిపోయింది, వాటిని తుడుస్తూ ఎవరు కూర్చుంటారు! హాయిగా స్విచాఫ్ చేసి ఆన్ చేయండి. రీస్టార్ట్ అయ్యాక ఆండ్రాయిడైనా ఐఫోనైనా పిన్ కొట్టందే మీ వేలినీ ముఖాన్నీ గుర్తుపట్టదు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది కాబట్టి ఇక ఎటు వెళ్లాలన్న సందిగ్ధం ఉండదు.

3. అందిన అంకెలన్నీ కొట్టండి. నాలుగంకెల పిన్ అంటే మొత్తం 10,000 అవకాశాలు. తొమ్మిది చుక్కల ప్యాటర్న్ అయితే 3,89,112. ఆదివారం ఖాళీయే కదా. పెళ్లిరోజుతో మొదలుపెట్టకండి, అది ఎలాగూ మీకు గుర్తుండదు. బండి నంబరు, పాత ఇంటి డోరు నంబరు, బావమరిది బండి నంబరు, అలా కానివ్వండి. ఐఫోన్ అయితే మధ్యలో నిమిషం ఆగమంటుంది, తర్వాత ఐదు, తర్వాత పావుగంట. భయపడకండి, మీ పట్టుదలని పరీక్షిస్తోందంతే. పది తప్పులకి డేటా మొత్తం తుడిచేసే సెట్టింగ్ ఆన్‌లో ఉందా? ఇంకేం, సగం పని అదే చేసిపెడుతుంది.

4. ఐఫోన్ పాస్‌కోడ్ నిన్నే మార్చి ఇవాళ మర్చిపోయినవారు నాలుగో రోజు దాకా ఫోన్ జోలికి వెళ్లకండి. ఐఓఎస్ 17 వచ్చాక, మార్చిన 72 గంటల్లోపు పాత పాస్‌కోడ్‌తోనే కొత్తది పెట్టుకునే వీలుంది. అంత సులువుగా అయిపోతే ఆఫీసులో ఏం చెబుతారు? "ఫోన్ లాకైంది సార్, మీ కాల్ చూడలేదు" అనే మాట కనీసం మూడు రోజులు పనికొస్తుంది. మంగళవారం, అమావాస్య, వర్జ్యం అన్నీ చూసుకుని మొదలుపెట్టండి.

5. బిల్లు పారేయండి. కొన్న రుజువు చూపిస్తే కంపెనీవాళ్లు సాయం చేసే ప్రమాదం ఉంది.

6. కస్టమర్ కేర్ నంబరు కోసం మీ ఆవిడ ఫోన్లో వెతికి, మొట్టమొదట కనిపించిన పదంకెల మొబైల్ నంబరుకి చేయండి. అవతలివాడు ఎంత మర్యాదస్తుడంటే, ఒక యాప్ వేయించి స్క్రీన్ మొత్తం తనే చూసుకుంటాడు, ఓటీపీ చదివే కష్టం కూడా మీకుండదు. ఆవిడ ఖాతాలో డబ్బు కదిలిందా? 1930 అని ఒక హెల్ప్‌లైన్ ఉంది. వెంటనే చేస్తే డబ్బు దారిలో ఆగిపోవచ్చు కాబట్టి పండగ వెళ్లాక చేద్దురుగాని.

7. ఇప్పుడు అసలు వైద్యం. అబిడ్స్ జగదీష్ మార్కెట్ దాకా వెళ్లే ఓపిక ఎవరికుంది? వీధి చివర ఛార్జర్లు, టెంపర్డ్ గ్లాసులు అమ్మే కుర్రాడు చాలడా? "ఫ్లాష్ కొట్టు తమ్ముడూ" అని కౌంటర్ మీద పెట్టండి. "డేటా మొత్తం పోతదన్నా, ఓకేనా?" అని అడుగుతాడు. టీ గ్లాసులోంచి తల ఎత్తకుండా "కానీ, కానీ" అనండి. అమ్మాయి మొదటి అడుగులు, నాన్నగారి గొంతున్న వాట్సాప్ ఆడియో, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల ఫొటోలు, అన్నీ ఆ టీ అయ్యేలోపే తేలికైపోతాయి.

ఫోన్ ఆన్ అవుతుంది. పాత గూగుల్ ఖాతా అడుగుతుంది. 2015లో ఆండ్రాయిడ్ 5.1 నుంచీ ఉన్న కాపలా ఇది, దొంగలకని పెట్టారు. మీ జీమెయిల్ మీకు తెలియకపోవడం సహజం. ఫోన్ కొన్నరోజు షాపులోని అబ్బాయి తన నంబరుతో ఏదో సృష్టించి ఇచ్చాడు, అతను ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. ఎలాగో అతని కాళ్లు పట్టుకుని పాస్‌వర్డ్ మార్పించారే అనుకోండి, మార్చాక ఒక రోజు ఆగమని గూగుల్ అంటుంది. ఆగకండి. పది నిమిషాలకోసారి మళ్లీ మార్పించండి, ఆ ఇరవైనాలుగ్గంటలూ ఎప్పటికీ పూర్తికావు.

8. ఆఖరికి ఫోన్ తెరుచుకున్నాక మీ ఆవిడ ఫోన్ తీసుకుని బంధువుల గ్రూపులో "అందరూ ఒకసారి మీ నంబర్లు పెట్టండి" అని రాయండి. పెదనాన్నగారు తన పాన్ నంబరు పెడతారు, వదిలేయండి. ఇక్కడే ఈ పద్ధతి మొత్తానికీ పెద్ద లాభం. మీరు అప్పున్నవాళ్లు ఎవరు ఫోన్ చేసినా "ఎవరండీ? నంబర్లన్నీ పోయాయి" అని నిజాయితీగా అనొచ్చు. మీకు బాకీ ఉన్నవాళ్ల నంబర్లూ, వాళ్లు ఒప్పుకుంటూ పంపిన మెసేజీలూ కూడా పోయాయంటారా? కంగారెందుకు, వాళ్లే గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తారు.